పగడపు దిబ్బ తెరిచే ముందు

పోయినేడు మన సంఘం సంచికకి నేను రాసిన వ్యాసాన్ని సగానికి కోసేసి, మిగిలిన జాగాలో పులిహోర చేసే విధానం వేశారు. ఆ సంగతి నేను మర్చిపోలేదు. ఈసారి ఒక్క ముక్క కూడా తియ్యబోమని సంపాదకుడు గారు నలుగురి ముందు మాటిచ్చారు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను.

రాయమని అడిగింది హారిక. కరీంనగర్ అమ్మాయి. టొరంటో పక్కన ఒషావాలో చదువు పూర్తిచేసి, కాఫీ కొట్లో పార్ట్‌టైమ్ చేసుకుంటూ, చివరికి నేను పనిచేసిన సంస్థలోనే ఉద్యోగం సంపాదించింది. ఆఫీసులో ఎవరో నా పేరు చెబితే రెండు బస్సులు మారి స్కార్‌బరోలో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చింది.

"అంకుల్, మీరు పనిచేసిన దీవికే నన్ను పంపుతున్నరు. రిపోర్టులన్నీ చదివిన. అక్కడ పొద్దున లేస్తే ఏం పని చేస్తరో ఒక్కదాంట్ల కూడా లేదు," అంది.

లేకపోవడం నాకు ఆశ్చర్యం కాదు. ఆ రిపోర్టుల్లో సగం నేను రాసినవే. కనుక వాటిలో లేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆమె కోసం, ఆమెలాగా ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం.

పని సంగతి

నేను కాకినాడ వైపు వాణ్ణి. చేపల శాస్త్రం చదువుకున్నాను. కెనడా వచ్చాక ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. దాని పేరు రాయను, రాస్తే ఉచితంగా ప్రచారం చేసినట్టవుతుంది. తూర్పు ఇండోనేసియాలో ఒక చిన్న దీవిలో, ఆ చుట్టుపక్కల మరికొన్నింటిలో నా ఉద్యోగ జీవితం చాలా మటుకు గడిచింది. ఏడాదిలో సగం అక్కడ, సగం టొరంటోలో.

ఈ పనికి సుస్థిర జీవనోపాధి అని ఒక పెద్ద పేరుంది. ఒక ఊరు తన సముద్రాన్ని పాడుచేసుకోకుండా బతికేటట్టు మనం నేర్పుతాం అని దాని అర్థం. నా అభిప్రాయం అడిగితే, ఆ ఊరు ఆ పని మన తాతలు పుట్టకముందు నుంచి చేస్తోంది. మనం తీసుకెళ్ళేది ఒక తాడు, ఒక తేలుడు బుర్ర, నీటి వేడి చూసే ఒక పరికరం. అవి పనికొస్తాయి. అంతకు మించి మోసుకెళ్ళినవన్నీ తిరిగి మనమే మోసుకొచ్చాం.

ఇంకోటి కూడా ముందే చెప్పాలి. ఆ దీవికి ఒకటే పెద్ద పడవ. జబ్బు చేసినవాళ్ళని, నెలలు నిండిన ఆడవాళ్ళని ఆసుపత్రి ఉన్న దీవికి తీసుకెళ్ళేది అదే. పడమటి గాలి మొదలైతే చిన్న పడవలు ఆ నీళ్ళు దాటలేవు. మా రోజుల్లో ఆ పెద్ద పడవ అడుగు చెక్క కుళ్ళిపోయి ఒడ్డున పడి ఉంది. మీరే కొనివ్వొచ్చు కదా అని హారిక అడిగింది. మంచి ప్రశ్న. నేనూ అడిగాను. పడవ 'వస్తువు' కిందికి వస్తుందట. మేం వస్తువులు ఇవ్వం, 'సామర్థ్యం' మాత్రమే పెంచుతాం. సామర్థ్యం ఎక్కి ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళని నేను చూడలేదు.

లబ్ధిదారుడు

మా పై అధికారి హెలెన్. పొడుగ్గా, ఎర్రటి టోపీతో, ఎండకి ముక్కు మీద తోలు లేచిపోతూ ఉండేది. ఆమెని నేను మెచ్చుకుంటాను. కానీ ముందు చెప్పాల్సినవి ముందు చెబుతాను.

మొదటి ఏడాది మా సంస్థ రంగురంగుల పుస్తకం ఒకటి అచ్చువేసింది. అందులో నాలుగో పేజీ నిండా నా బొమ్మ. లుంగీ కట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో, చేతిలో వలతో నేను. కింద ఇలా రాశారు: 'మా పథకం వల్ల జీవితం మారిన స్థానిక మత్స్యకారుడు, ఒక లబ్ధిదారుడు.'

నేను ఆ పథకం రాసినవాణ్ణి. నా పేరు పుస్తకంలో ఇంకెక్కడా లేదు.

హెలెన్ దగ్గరికి వెళ్ళాను. "అయ్యో, పొరపాటు. బొమ్మ మాత్రం చాలా బాగుంది," అని నవ్వింది. అచ్చుకి ముందు ఆ పుస్తకం చూసి సంతకం పెట్టింది ఆమే. ఆ నవ్వుతో మా మధ్య మాటలు ఆగిపోయాయి. పని ఆగలేదు. యోహాన్ అని మా దుభాషి ఉండేవాడు. దీవి మనిషి, నడివయసు, నవ్వితే ముందు పళ్ళలో ఒకటి ఉండదు. ఇంగ్లీషు వచ్చిన మా ఇద్దరి మధ్య ఇంగ్లీషులోనే అతను దుభాషిగా పనిచేశాడు.

"యోహాన్, రేపు పడవ ఎన్నింటికో ఆవిడని అడుగు."

"సర్, ఆవిడ మీ పక్కనే ఉంది."

"తెలుసు. అడుగు."

పక్క బల్ల మీంచి ఈమెయిల్

ఆ దీవి ఆడవాళ్ళు తాళ్ళకి సముద్రపు నాచు కట్టి పెంచేవాళ్ళు. ఎండబెట్టి అమ్మితే ఐస్‌క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో వాడతారు. వాళ్ళకి పెద్ద మార్తా. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్ళని 'మామా' అని పిలవాలి. ఆడమనిషిని మామా అనడానికి నా నోరు తిరగడానికే ఒక సీజను పట్టింది. మామా మార్తా పొట్టి మనిషి. తల మీద ఎప్పుడూ తడి తువ్వాలు. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు చేతులు మాత్రం తాడు ముడులు వేస్తూనే ఉండేవి. ముందటి పడమటి గాలి కాలంలో ఆమె పెద్ద కూతురు కాన్పు కష్టమై, దాటించే పడవ లేక ఇంట్లోనే పోయింది. ఆ సంగతి ఆమె నాకు ఒకేసారి చెప్పింది. తర్వాత పడవ మాట తప్ప కూతురి మాట ఎత్తలేదు. నాచు అమ్మిన డబ్బుతో కొత్త పడవ చేయించాలని ఆడవాళ్ళంతా అనుకున్నారు.

ఒక ఏడు నీళ్ళు వేడెక్కాయి. వేడెక్కితే నాచు కొమ్మలు తెల్లబడి పుటుక్కున విరిగిపోతాయి. నా పరికరం ఆ వేడిని ముందే చూపించింది. తాళ్ళని లోతు నీళ్ళలోకి మార్చాలి. అలా చెప్పాలంటే అధికారి అనుమతి కావాలని మా నియమం. కాబట్టి హెలెన్‌కి ఈమెయిల్ రాశాను. ఆమె పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆ ఈమెయిల్ నా బల్ల మీంచి ఆకాశంలో ఉపగ్రహం దాకా వెళ్ళి, అక్కణ్ణించి చేతికందేంత దూరంలో ఉన్న ఆమె బల్ల మీదికి దిగాలి. ఆ వారం దీవిలో ఇంటర్నెట్ పడిపోయింది. ఆమె చదివేసరికి నాచు మొత్తం తెల్లబడి ఒడ్డుకి కొట్టుకొస్తోంది.

నేను నియమం ప్రకారమే చేశాను. ఇప్పటికీ అదే అంటాను. ఆమె ఇంటర్నెట్ లేదని తెలిసి అడగాల్సింది అని కూడా అంటాను. కానీ పిల్లలూ, ఈ పనిలోకి వస్తే ఒకటి గుర్తుంచుకోండి. నియమం నీళ్ళని చల్లబరచదు.

మామా మార్తా ఆ తెల్ల నాచుని దోసిట్లో పట్టుకుని చూసి, ఇసుకలో వదిలేసి, "అయితే ఇక దిబ్బే," అంది.

ఆకు కట్టిన చేతులు

దిబ్బ అంటే ఊరి ముందున్న పగడపు దిబ్బ. ఆ దీవుల్లో ఒక పద్ధతి ఉంది. దానిని 'సాసి' అంటారు. ఊరంతా కూడి ఒక గుంజ పాతి, దానికి లేత కొబ్బరాకులు కట్టి, దిబ్బని మూసేస్తారు. మూసిన తర్వాత అక్కడ ఒక్క గవ్వ కూడా ఎవరూ తియ్యరు. కావలి ఉండదు, జరిమానా చీటీ ఉండదు. ఏళ్ళ తరబడి మూసి ఉంచితే బొత్తాలు చేసే పెద్ద గవ్వలు, సముద్రపు దోసకాయలనే మెత్తటి జీవులు బాగా పెరుగుతాయి. అప్పుడు ఒకరోజు తెరిచి, అందరూ కలిసి తీసి, అవసరానికి అమ్మి, మళ్ళీ మూసేస్తారు. మన దగ్గర చెరువు వేలం పాటలు చూసినవాణ్ణి నేను. ఆకు కట్టిన గుంజ ఒకటి ఊరంతటి ఆశనీ ఆపగలదని కళ్ళారా చూడకపోతే నమ్మేవాణ్ణి కాదు.

ఈసారి దిబ్బ మూసిన రోజున మేమిద్దరం అక్కడే ఉన్నాం. నాచు పోవడానికి ముందటి మాట ఇది. హెలెన్ ఫోటో కోసం ఒక ఆకు కట్టింది. ఆమె కట్టింది కదా అని నేనూ ఒకటి కట్టాను. కొంచెం పెద్దది. ఏం చేస్తున్నామో ఇద్దరికీ తెలియదు. మాలాంటి సంస్థల వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా ఇదే పని. రిబ్బనైనా, మొక్కైనా, గుంజైనా కెమెరా కనిపిస్తే చెయ్యి పెట్టేస్తాం.

చెప్పెయ్యాలి

నాచు పోయాక, పడమటి గాలికి ముందే దిబ్బ తెరవాలని ఊరు నిర్ణయించింది. గవ్వలు కొనే వర్తకుడి ఓడ వచ్చి లంగరు వేసింది. అది ఎక్కువ రోజులు ఆగదు. మామా మార్తా కోడలికి నెలలు నిండుతున్నాయి. గాలి మొదలయ్యేలోపు పడవ నీళ్ళలో ఉండాలి. అంటే దిబ్బ వెంటనే తెరుచుకోవాలి.

తెరవడానికి ముందటి సాయంత్రం ఊరంతా ఒక పెద్ద చాప మీద కూర్చుంది. మూసిన రోజు గుంజకి ఆకు కట్టినవాళ్ళెవరి మనసులోనూ చెప్పని కోపం ఉండకూడదు. ఉంటే సముద్రం మనిషిని తీసుకుంటుందని వాళ్ళ నమ్మకం. అందుకని ఒక్కొక్కరూ లేచి చెప్పేస్తారు. మీ పంది నా కర్రపెండలం తిన్నదని ఒకాయన అన్నాడు. నా కొడుకు పెళ్ళికి నువ్వు వచ్చి కూడా తినకుండా వెళ్ళావని ఒకావిడ వదినగారిని దులిపేసింది. అవతలివాళ్ళు అడ్డం పడకుండా విన్నారు. క్షమించమని ఎవరూ అడగలేదు. క్షమించానని ఎవరూ అనలేదు. చెప్పడం, వినడం, అంతే. నాకు ప్రాణం లేచొచ్చింది. నా జీవితమంతా 'మర్చిపోండి మూర్తిగారూ, వదిలెయ్యండి మూర్తిగారూ' అన్నవాళ్ళే. మర్చిపోవద్దు, గట్టిగా చెప్పు అనే మనుషులు భూమ్మీద ఉన్నారని ఆ రోజే తెలిసింది.

అందరూ అయ్యాక మామా మార్తా మా వైపు తిరిగింది. "మీరిద్దరూ?"

యోహాన్ మాకు ఇంగ్లీషులో చెప్పాడు. హెలెన్ చిరునవ్వు నవ్వి, "మా మధ్య ఏమీ లేదని చెప్పు. మాది ఆఫీసు సంబంధం," అంది.

యోహాన్ ఆ మాట ఊరికి చెప్పలేదు. లేచి నిలబడ్డాడు. "నాక్కూడా ఒక కోపం ఉంది," అన్నాడు. ముందు వాళ్ళ భాషలో, తర్వాత మా కోసం ఇంగ్లీషులో చెప్పాడు. "కాఫీ కావాలేమో ఆవిడని అడగమని ఈయన నాకు చెబుతాడు. ఆవిడ పక్కనే ఉంటుంది. వద్దని ఆయనకి చెప్పమని ఆవిడ నాకు చెబుతుంది. ఇన్నేళ్ళూ వీళ్ళ కాఫీ నా నోట్లోంచి పోయింది. నాకు మాత్రం ఒక్కరూ పోయలేదు."

ఊరు విరగబడి నవ్వింది. మామా మార్తా నవ్వలేదు. చేతిలో తాడు మాత్రం పక్కన పెట్టింది.

"ఆకు కట్టింది మీ చేతులు. మీరు చెప్పకపోతే రేపు దిబ్బ తెరవం," అంది.

హెలెన్ నా వైపు చూసింది. పుస్తకం అచ్చయిన తర్వాత ఆమె తిన్నగా నా మొహంలోకి చూడటం అదే మొదలు. నా పంతం సంగతి నాకు తెలుసు. ఎవరో చెప్పమన్నారని చెప్పే రకాన్ని కాదు. కానీ అటు చూస్తే మామా మార్తా కోడలు, రెండు చేతులూ వెనక్కి ఆనించుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. లేచాను.

పుస్తకం సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. లుంగీ, వల, నాలుగో పేజీ, ఆ నవ్వు. యోహాన్ ఒక్క ముక్క వదలకుండా ఊరికి అందించాడు. ఒక ముసలి జాలరి చెయ్యెత్తాడు.

"మత్స్యకారుడు అంటే నీకు తిట్టా?"

"కాదు. నువ్వు చేసిన పడవ మీద ఇంకొకడి పేరు రాసి, నిన్ను ఆ పడవ ఎక్కినవాడు అంటే ఊరుకుంటావా?"

ఆయన ఠక్కున, "ఊరుకోను. పడవే తగలబెడతా," అన్నాడు. చాలామంది తలలూపారు. ఆ ఉద్యోగంలో నాకు దొరికిన న్యాయం అదే.

ఇప్పుడు హెలెన్ సంగతి. అధికారిగా ఆమె లేచి వెళ్ళిపోవచ్చు. టొరంటోలో చాలామంది వెళ్ళిపోయేవాళ్ళు. నేను పనిచేసిన మిగతా అధికారులైతే మర్నాడే నన్ను ఇంటికి పంపేవాళ్ళు. ఆమె టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కిందికి చూడకుండా మొత్తం విని, తన వంతు రాగానే లేచింది.

"నాచు పోతోందని నువ్వు ఈమెయిల్ పంపావు. నేను పక్కనే ఉన్నాను. నా పేరు పెట్టి పిలిస్తే చాలు, తిరిగేదాన్ని. ఈ ఆడవాళ్ళ మొహం చూడలేక ఆ వారమంతా నేను ఆఫీసు దొడ్డిదారిన తిరిగాను. నువ్వు మాత్రం ఈమెయిల్ కాగితం తీసి, ఎన్నింటికి పంపావో చూపించావు." ఆడవాళ్ళ వైపు ఒకసారి తిరిగి, మళ్ళీ నాకే చెప్పింది. "పుస్తకం నేను చదవకుండా సంతకం పెట్టాను. నవ్వింది సిగ్గుపడి."

చివరిదాకా విన్నాను. అనకూడదు, వినాలి. అదే పద్ధతి.

మామా మార్తా మళ్ళీ తాడు చేతిలోకి తీసుకుంది. "రేపు పొద్దున," అంది. తర్వాత యోహాన్‌ని చూసి, "ముందు వాడికి కాఫీ పొయ్యండి," అంది. హెలెన్ పోసింది. చక్కెర నేను వేశాను.

మర్నాడు సూర్యుడు ఒక చెయ్యెత్తు లేవగానే గుంజ పీకారు. అన్ని వయసుల వాళ్ళూ నీళ్ళలోకి దూకారు. చిన్న గవ్వ చేతికొస్తే అక్కడే తిరిగి వదిలేస్తున్నారు. ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ గవ్వలమ్మిన డబ్బుతో ఆ సీజనులోనే కొత్త పడవ తయారైంది. గాలి మొదలైన వారం మామా మార్తా కోడలు అందులో ఆసుపత్రికి దాటి, కాన్పయి, బిడ్డతో అదే పడవలో తిరిగొచ్చింది. రిపోర్టులో దాన్ని 'సామర్థ్యం పెంపు' కింద వేశాం. రాసింది నేనే.

హారిక ఫోను

నేను రిటైరయ్యే ఏడు దిబ్బని మళ్ళీ మూశారు. ఈసారి ఏం చేస్తున్నామో తెలిసే ఇద్దరం ఆకు కట్టాం. ఆ తర్వాత ఏడు హెలెన్ కూడా రిటైరై వాంకూవర్ వెళ్ళిపోయింది.

పోయిన నెల ఒక సాయంత్రం, అన్నానికి కూర్చోబోతుంటే హారిక వీడియో కాల్ చేసింది. అక్కడ పొద్దున. వెనకాల చాప, నిండా జనం.

"అంకుల్, ఇయ్యాల దిబ్బ తెరుస్తరట. నిన్న రాత్రే అందరూ చెప్పుడు అయిపోయింది. మామా మార్తా ఒప్పుకుంటలేదు. ఇంకా ఇద్దరున్నరు అంటుంది. వాళ్ళు కెనడాల ఉన్నరు కదా అంటే, ఫోన్ లేదా అని నన్నే తిట్టింది."

"తిట్టిందంటే బాగానే ఉందన్నమాట. హెలెన్‌ని కూడా కలుపు."

తెరలో ఒక మూల హెలెన్ వచ్చింది. అక్కడింకా మధ్యాహ్నం, చేతికి తోటమట్టి. మధ్యలో మామా మార్తా. జుట్టు పూర్తిగా నెరిసింది. చేతుల్లో తాడు అలాగే ఉంది. పక్కన యోహాన్, కప్పు ఎత్తి చూపించాడు.

"కోపం ఏమైనా మిగిలిందా?" అని అడిగింది మామా మార్తా.

నాకు సిద్ధంగానే ఉంది. నా వీడ్కోలు రోజున హెలెన్ తెప్పించిన కేకు మీద 'రామ్' అని రాయించింది. నా పేరు రామలింగేశ్వరమూర్తి. కేకు చిన్నదని కారణం చెప్పింది. ఒక మనిషి అన్నేళ్ళు పనిచేస్తే పేరు పట్టే కేకు తెప్పించలేరా? ఊరంతా విన్నది. పేరే వెయ్యలేదని మొదటిసారి చెప్పినవాడే, వేసిన పేరు కోశారని ఇప్పుడు చెబుతున్నాడని యోహాన్ వివరించాడు. అది తప్పేనని మామా మార్తా ఒప్పుకుంది.

"హెలెన్, నీకు?"

హెలెన్ చేతి మట్టి దులుపుకుంది. "ఉంది. రిటైరై వెళ్ళినవాడు ఇంతవరకు నా మీద ఒక్క ఫిర్యాదు కూడా పంపలేదు. నేను బతికున్నానో లేదో కూడా ఈయనకి పట్టనట్టుంది. ఇక్కడ నాతో పోట్లాడే మనిషే లేడు."

అడ్డం పడకూడదు కాబట్టి సరిపోయింది. లేకపోతే చెప్పడానికి నాలుగు జవాబులున్నాయి.

మామా మార్తా చేతిలో తాడు ముడి బిగించి, "సరే. తెరుస్తాం," అంది. హారిక ఫోన్ పట్టుకునే పరిగెత్తింది. ఆకాశం, ఇసుక, ఎవరివో కాళ్ళు, నీళ్ళ మీద అప్పుడు చేయించిన ఆ పడవ, కొత్త రంగులో. అంతలో లైన్ పోయింది.

అన్నం చల్లారిపోయింది. తిన్నాను. మర్నాడు వాంకూవర్‌లో తెల్లవారేదాకా ఆగి హెలెన్‌కి ఫోన్ చేశాను. కేకు గురించి ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది.